పట్టపగటి వేషం: ఐదుగురితో, పదిహేను వేల లోపు ఖర్చుతో మాక్యుమెంటరీ తీయడం ఎలా

పగటివేషగాడికి తెర లేదు, వేదిక లేదు, రంగుదీపాలు లేవు. పట్టపగలు నడివీధిలో, ఇంటి అరుగు ముందుకు వచ్చి నిలబడాలి. చూసేవాడు రెండడుగుల దూరంలోనే ఉంటాడు. అందుకే తలపాగా చుట్టు మొదలు మాట విరుపు దాకా దేనిలోనూ తేడా రానివ్వడు. మాక్యుమెంటరీ తీస్తామని వచ్చేవాళ్లకు నేను మొదట గుర్తుచేసేది ఈ కళనే. మాక్యుమెంటరీ అంటే డాక్యుమెంటరీ వేషం కట్టిన కల్పిత కథ. అందులో ఇంటర్వ్యూలుంటాయి, వ్యాఖ్యానం ఉంటుంది, పాత కాగితాలూ ఫొటోలూ ఉంటాయి. చెప్పే సంగతి మాత్రం ఎక్కడా జరిగి ఉండదు.

శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నానికి దగ్గరలోని ఒక పల్లెలో మేము ఐదుగురం కలిసి ఎనిమిది నిమిషాల మాక్యుమెంటరీ తీశాం. షూటింగుకు మూడు రోజులు పట్టింది. చిన్న బృందానికి ఇంతకన్నా అనువైన ప్రక్రియ లేదని అక్కడే నాకు గట్టిగా అర్థమైంది. పెద్ద లైట్లు, క్రేన్లు, మేకప్ వ్యాన్లు ఉంటే అది డాక్యుమెంటరీలా కనిపించదు. మన దగ్గర లేనివే ఇక్కడ మనకు పనికొస్తాయి. ఆ మూడు రోజుల్లో, వాటికి ముందూ వెనుకా నేర్చుకున్నవి వరుసగా చెబుతాను.

1. అబద్ధం ఒక్కటే ఉండాలి

కథ ఎంచుకునేటప్పుడు నేను పాటించే నియమం ఇది. సినిమా మొత్తంలో ఒకే ఒక్క అబద్ధం ఉండాలి, దాని చుట్టూ ఉన్నదంతా నిజమై ఉండాలి. రెండో అబద్ధం చెబితే ప్రేక్షకుడు మొదటిదాన్నీ నమ్మడు.

మా కథ తుఫాను పేర్ల గురించి. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టే తుఫానులకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. ఇప్పుడు 13 దేశాలు ఆ పేర్లను ఇస్తున్నాయి. 2020లో వెలువడిన జాబితాలో దేశానికి 13 చొప్పున 169 పేర్లున్నాయి. పేరు ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు మించకూడదు, పలకడానికి తేలికగా ఉండాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన తుఫానుకు తిత్లీ అన్న పేరు పాకిస్తాన్ ఇచ్చినది. ఆ మాటకు అర్థం సీతాకోకచిలుక.

ఇంతవరకూ అంతా నిజం. మా అబద్ధమల్లా ఇది: దెబ్బ తినేది మేమైతే పేరు పెట్టేది వేరెవరో ఎందుకని, ఒక తీరపల్లెలో పెద్దలు సంఘంగా ఏర్పడి, 2004 నుంచి నెలనెలా సమావేశమై, సొంత పేర్ల జాబితా తయారుచేస్తున్నారు.

మీ ఊహ పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి టీ కొట్టు దగ్గర పరిచయం లేని మనిషికి ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. వెంటనే నవ్వితే అది మాక్యుమెంటరీకి కాస్త ఎక్కువైన ఊహ. 'నిజమేనా?' అని అడిగితే పట్టుకోండి. ఇలాంటి ఊహల కోసం ఎక్కడెక్కడో వెతకనక్కరలేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నిజమే సగం దారి నడిచి ఎదురొస్తుంది. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. ఏ చెట్టు వీణ కాగలదో తేల్చడానికి పనస తోటల్లో సంగీత పరీక్ష పెట్టే మనిషి ఒకడున్నాడని ఊహించండి. పొందూరు ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడల నాణ్యతను తనిఖీ చేసే ఒక ఉద్యోగి దినచర్య మంచి కథ అవుతుంది.

అయితే మూడింటిని అబద్ధంలోకి లాగవద్దు. ఒకటి జనం నష్టం. రెండు వాళ్ల భక్తి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కెమెరాకు ఎంత గొప్పగా కనిపించినా, అక్కడ మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషిని మన కథలో నవ్వు కోసం నిలబెట్టే హక్కు మనకు లేదు. మూడోది మన యాస. దాని గురించి కింద విడిగా చెబుతాను.

2. సంభాషణలు రాయకండి, కాగితాలు తయారుచేయండి

సంభాషణలు రాసిస్తే నటులు వాటిని అప్పజెబుతారు, అప్పజెప్పిన మాట చెవికి ఇట్టే దొరికిపోతుంది. దానికి బదులు ఒక్కో పాత్రకు ఒక్కో పేజీ రాయండి. ఈ మనిషికి ఏం కావాలి, ఎవరి మీద కోపం, ఏ విషయం దాస్తున్నాడు, ఏ సంవత్సరంలో ఏం జరిగింది అన్నవి అందులో ఉంటే చాలు. తేదీలు అందరి పేజీల్లోనూ ఒకేలా ఉండాలి. ఆ తరువాత కథ ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరిగి ఎక్కడ ఆగుతుందో పది పన్నెండు వాక్యాల్లో రాసుకోండి. అదే మీ స్క్రిప్టు.

రాయవలసిన అసలు సరుకు వేరే ఉంది. మా సంఘానికి ఒక తీర్మానాల పుస్తకం కావలసి వచ్చింది. ఎర్ర గుడ్డ వెన్నుపట్టీ ఉన్న పొడుగాటి రిజిస్టరు కొని, నలభై పేజీలు నింపాం. తెర మీద కనిపించేది నాలుగు పేజీలే అయినా, నటుడు ఏ పేజీ తిప్పినా అక్కడ ఏదో ఒకటి ఉండాలన్నది మా పట్టుదల. నీలం సిరా, నల్ల సిరా, మధ్యలో రీఫిల్ అయిపోయి పెన్సిలుతో పూర్తిచేసిన ఒక వాక్యం, వేలిముద్రలు, టీ గ్లాసు మరక. ముగ్గురు మూడు దస్తూరీల్లో రాశారు. 2018 అక్టోబరు 10 తేదీ కింద ఒకటే వరుస ఉంది: 'గాలి ఎక్కువగా ఉన్నందున సభ్యులు హాజరు కాలేదు. సమావేశం వాయిదా.' అధ్యక్షుడి పాత్ర వేసిన మనిషి కెమెరా ముందు ఆ పేజీ దగ్గరకు వచ్చి, వేలు దానిమీద ఉంచి, మాట్లాడకుండా కాసేపు ఉండిపోయారు. మేము చెప్పి చేయించింది కాదు. సినిమాలో అందరూ గుర్తుపెట్టుకున్న క్షణం అదే. అందుకే డబ్బు తక్కువగా ఉంటే కెమెరా మీద కాకుండా కాగితం మీద శ్రద్ధ పెట్టమంటాను.

3. ఎవరెవరు, ఎంతెంత

దర్శకుడు, కెమెరా మనిషి, శబ్దం చూసే మనిషి, నిర్వహణ చూసే మనిషి, అన్నింటికీ చేయందించే ఒకరు. మొత్తం ఐదుగురు. నలుగురైనా చేయవచ్చు, కానీ శబ్దం చూసే మనిషిని మాత్రం తగ్గించవద్దు. ఇంటర్వ్యూలో ప్రశ్నలు దర్శకుడే అడగాలి. కథలోని డాక్యుమెంటరీ బృందం కూడా మనమే కాబట్టి, పొరపాటున మన చేతో నీడో ఫ్రేములోకి వచ్చినా చెల్లుతుంది.

మా ఖర్చు ఇలా తేలింది: భోజనాలు, టీలు 5,200 రూపాయలు, బస్సు, ఆటో 2,800, కాలరు మైకుల సెట్టు 3,600, మెమరీ కార్డు 1,400, రిజిస్టరు, రబ్బరు స్టాంపు, బ్యానరు 900, చిల్లర ఖర్చులు 950. మొత్తం 14,850. ఫోను, ట్రైపాడ్, కంప్యూటర్, హార్డ్ డిస్కు మావే. ఎవరికీ పారితోషికం ఇవ్వలేకపోయాం కాబట్టి భోజనం వేళకు పెట్టడాన్ని చాలా గట్టిగా పాటించాం. మీరూ పాటించండి. డబ్బు ఇవ్వలేనప్పుడు కనీసం వేళకు అన్నం పెట్టడం మన బాధ్యత.

4. ఊరికి ముందే చెప్పండి

షూటింగుకు వారం ముందు కెమెరా లేకుండా వెళ్లండి. ఊరి పెద్దలను, సర్పంచిని కలిసి, తీయబోయేది కల్పిత కథ అని దాచకుండా చెప్పండి. దాచి తీసి, తరువాత అది వేళాకోళంగా బయటపడితే ఆ ఊళ్లోకి మళ్లీ ఏ కెమెరా వెళ్లినా నమ్మరు. కనిపించే ప్రతి మనిషి దగ్గరా తెలుగులో రాసిన సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోండి. చదవలేనివారికి చదివి వినిపించి, వినిపిస్తున్నప్పుడు వీడియో తీసి ఉంచుకోండి.

శాలిహుండం, శ్రీముఖలింగం వంటి చోట్లు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ షూటింగుకు ముందస్తు అనుమతి కావాలి. దేవాలయాలు, రైల్వే స్టేషన్లు, ప్రభుత్వ కార్యాలయాలకూ అంతే. కల్పిత సంఘానికి స్టాంపు చేయించేటప్పుడు ప్రభుత్వ చిహ్నాన్ని గాని, ఉన్న సంస్థ పేరును గాని పోలకుండా చూసుకోండి. నిజమైన కార్యాలయం ఏదీ వద్దు. ఒక వరండా, ఒక బల్ల, గోడకు క్యాలెండరు ఉంటే సరిపోతుంది.

5. నటులు, యాస

నాటకానుభవం ఉన్నవారికన్నా, రోజూ నలుగురికి ఏదో ఒకటి వివరించి చెప్పే అలవాటున్నవారు ఈ పనికి బాగా కుదురుతారు. రిటైరైన మేష్టార్లు, పోస్టుమాన్లు, డ్వాక్రా సంఘం లెక్కలు రాసే అక్కలు. మా అధ్యక్షుడు ఒక రిటైర్డ్ మేష్టారు. ఆయనతో నేనన్నది ఒక్కటే: "మేష్టారూ, ఇందులో హాస్యం ఉందన్న సంగతి మీ పాత్రకు తెలియదు." పాత్రకు తన పని మీద సంపూర్ణమైన నమ్మకం ఉండాలి. నటుడు ఒక్కసారి కన్ను గీటితే, పెదవి కొరికితే వేషం జారిపోతుంది.

ఇక యాస. మన శ్రీకాకుళం, విజయనగరం మాటను తెర మీద అమాయకులకు, వంటవాళ్లకు, వెర్రిబాగులవాళ్లకు అంటగట్టి నవ్వించడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ఆ పని మనమే చేస్తే అంతకన్నా అన్యాయం లేదు. మా సినిమాలో అధ్యక్షుడు, శాస్త్రం చదువుకున్న కోడలు, ఇంటర్వ్యూ చేసే నేను, అందరం ఇంటి మాటే మాట్లాడాం. అందరూ మాట్లాడినప్పుడు అది నవ్వు పుట్టించే సాధనం కాకుండా మామూలు భాష అవుతుంది, అలాగే ఉండాలి. సబ్‌టైటిల్స్ వేస్తే యాసను వెక్కిరించే స్పెల్లింగులు వాడకండి.

6. కెమెరాకు ముందే తెలియకూడదు

మంచి ఫోను చాలు, అయితే ఆటోమేటిక్‌లో వదిలేయవద్దు. సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. షట్టరు వేగం సెకనులో 1/50 వంతు గాని 1/100 వంతు గాని ఉంటే ఆ మిణుకు తెర మీద గీతలుగా కనిపించదు. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మూడింటినీ లాక్ చేయండి. లేకపోతే మనిషి కాస్త కదిలినప్పుడల్లా ముఖం రంగు మారిపోతుంది. ఎండలో షట్టరును 1/50 దగ్గర నిలపాలంటే లెన్సుకు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు.

సాంకేతికం అంతే. అసలు కిటుకు కెమెరా ప్రవర్తనలో ఉంది. కథా చిత్రంలో తలుపు తెరుచుకునే ముందే కెమెరా గదిలో కాచుకుని ఉంటుంది. డాక్యుమెంటరీలో అలా కుదరదు, ఎవరు వస్తారో కెమెరాకు తెలియదు కదా. అందుకే మాట వినిపించాక తిరగాలి, తిరిగాక ఫోకస్ వెతుక్కోవాలి, ఒక్కోసారి అసలు సంగతి సగం తప్పిపోవాలి. అందుకు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు ఎప్పుడు లోపలికి వస్తారో, ఎవరు లేచి వెళ్లిపోతారో నటులకు మాత్రమే చెప్పేవాళ్లం. కెమెరా మనిషికి చెప్పేవాళ్లం కాదు. ఒక సన్నివేశంలో కోశాధికారి అలిగి లేచిపోతే కెమెరా తడబడి ఖాళీ కుర్చీని పట్టుకుంది. ఆ కుర్చీని అలాగే ఉంచాం. కెమెరాను కావాలని ఊపడం మాత్రం వద్దు. నిజమైన డాక్యుమెంటరీ కెమెరా మనిషి నిలకడగా పట్టుకోవడానికే ప్రయత్నిస్తాడు.

కట్ చేసేటప్పుడూ ఇదే తర్కం. ఒకే కెమెరా ఉన్న బృందం ఒకే క్షణాన్ని ఎదురెదురు వైపుల నుంచి చూపించలేదు. రెండో కోణం నుంచి షాటు వేసిన క్షణాన చూసేవాడికి కారణం తెలియకపోయినా నమ్మకం సడలుతుంది.

7. సముద్రం పక్కన శబ్దం

బొమ్మ కాస్త మసకైతే ప్రేక్షకుడు క్షమిస్తాడు, మాట వినపడకపోతే లేచిపోతాడు. కాలరు మైకును గడ్డానికి జానెడు కింద, చొక్కా గుండీల పట్టీకి తగిలించండి. గాలి హోరును ఆపే బొచ్చు తొడుగు మైకుకు తప్పనిసరి. రికార్డింగు 48 కిలోహెర్ట్జ్‌లో, పెద్ద మాటలు శబ్దం మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. హెడ్‌ఫోన్స్ లేకుండా ఒక్క టేకు కూడా తీయవద్దు.

తీరం దగ్గర గాలి, వెలుతురు రెండూ కలిసి వచ్చే ఒక వేళ ఉంది. మన సముద్రం తూర్పున ఉంది. ఉదయం మనిషి వెనుక సముద్రం కనిపించేలా కూర్చోబెడితే సూర్యుడు కెమెరాకు ఎదురుగా పడి ముఖం నల్లబడుతుంది. మూడు గంటలు దాటాక అదే చోట కూర్చోబెడితే పడమటి ఎండ ముఖం మీద పడుతుంది, సముద్రపు గాలి వీపుకు తగులుతుంది, ఛాతీ మీది మైకుకు ఒళ్లే అడ్డుగోడ అవుతుంది. మా బయటి ఇంటర్వ్యూలన్నీ అందుకే సాయంత్రాలే తీశాం. డిసెంబరులో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది కనుక ఆ నెలలో తీసేవాళ్లకు చేతిలో రెండు గంటలే ఉంటాయి.

లోపల తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం చెవి అందులో పెట్టండి, వెళ్లేటప్పుడు తప్పకుండా గుర్తొస్తుంది. ఒకరి ఇంట్లో పాలు విరిగితే రెండో రోజు ఆ గుమ్మం తొక్కలేం. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త శబ్దాన్ని రికార్డు చేయండి. అలల దగ్గర రెండు నిమిషాలు తీయండి. మాటల మధ్య కోసిన చోట అల సగంలో తెగితే చెవికి కుదుపులా తగులుతుంది. ఆ అతుకును కప్పేది ఈ ఉత్త శబ్దమే.

8. ఇంటర్వ్యూ

మీరు లెన్సుకు ఆనుకుని కూర్చోండి. నటుడు లెన్సును కాకుండా మిమ్మల్ని చూడాలి. ప్రశ్న ఎడిటింగులో తీసేస్తాం కాబట్టి, జవాబులోనే ప్రశ్న కలిసేలా మాట్లాడమని ముందే చెప్పండి. 'అవును, మూడుసార్లు' అంటే మనకు పనికిరాదు, 'మూడుసార్లు ఉత్తరం రాశాం' అంటే పనికొస్తుంది.

పాత్ర పేజీలో ఉన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, లేని ప్రశ్నల్లోకి వెళ్లండి. 'మీ జాబితాలో మీ ఆవిడ పేరు ఉందా?' అని అడిగితే మా మేష్టారు ఉలిక్కిపడి, పుస్తకం మూసి, "ఎవరి మనసూ నొప్పించకూడదన్నది నియమం బాబూ" అన్నారు. ఏ రచయితా ఆయనకు ఆ జవాబు రాసివ్వలేడు. జవాబు అయిపోయిందనిపించాక కూడా మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి గాని మరో ప్రశ్న వేయకండి. మౌనాన్ని నింపడానికి మనుషులు చెప్పే మాటలే చాలాసార్లు బంగారం.

ఊరివాళ్లతోనూ మాట్లాడించవచ్చు. అప్పుడు నా నియమం ఒకటే: నిజమైన మనుషులను నిజమే అడగాలి. లేని సంఘం గురించి వాళ్ల చేత అబద్ధం ఆడించకూడదు. 'తిత్లీ రాత్రి మీరు ఎక్కడున్నారు?' అని ఒక పెద్దామెను అడిగాం. పడిపోయిన కొబ్బరిచెట్లను ఆమె ఒక్కొక్కటిగా, ఏది ఎవరు నాటారో చెబుతూ లెక్కపెట్టింది. ఎనిమిదో చెట్టు దగ్గర ఆగింది. ఆ మాటల పక్కన మా నవ్వులు నిలబడతాయా అని ఆ రాత్రి ఐదుగురం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎడిట్ చేసి, ఆమె ఇంటికి వెళ్లి చూపించి, ఆమె సరేనన్నాకే ఉంచాం. ఆమె భాగానికి ముందూ వెనుకా నవ్వు పుట్టే షాటు పెట్టలేదు.

9. అదనపు దృశ్యాలు

ఇంటర్వ్యూల్లో వచ్చే ప్రతి వస్తువుకూ విడిగా షాటు తీయండి: పుస్తకం, స్టాంపు, కళ్లజోడు తుడిచే చేతులు, వల అల్లే వేళ్లు, గోడ మీద నీటి మట్టం గుర్తు. ఒక్కో షాటు కనీసం పది సెకన్లు ఉండాలి. దూరం నుంచి, మధ్య నుంచి, దగ్గర నుంచి మూడు రకాలుగా తీసి ఉంచుకుంటే ఎక్కడ కోసినా కప్పుకోవచ్చు.

10. ఎడిటింగ్, వ్యాఖ్యానం

నాలుగున్నర గంటలు తీశాం, ఎనిమిది నిమిషాలు మిగిలింది. సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యతతో అది దాదాపు వంద జీబీ అవుతుంది. ఏ రోజుది ఆ రోజే రెండు చోట్లకు కాపీ చేసి, తెరిచి చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి.

ముందు ఇంటర్వ్యూలన్నీ కాగితం మీదకు దించండి. విసుగు పుట్టించే పనే, కానీ దానికి దగ్గరదారి లేదు. కాగితాలు కత్తిరించి నేల మీద పరుచుకుని వరుస మార్చుకుంటే, కథ నడక కంప్యూటర్ ముందుకన్నా ఇక్కడే స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరువాత ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో కూర్చండి. మొదటి రెండు నిమిషాల్లో నవ్వు పెట్టకండి, అక్కడ నమ్మకం మాత్రమే కట్టాలి.

వ్యాఖ్యానం రేడియో వార్తల గొంతులో, తొణకకుండా ఉండాలి. 1957 ఏప్రిల్ 1న బీబీసీ టెలివిజన్ స్విట్జర్లాండులో చెట్లకు స్పఘెటీ, అంటే సేమియా లాంటి ఇటలీ తిండి, కాస్తోందని మూడు నిమిషాల కథనం ప్రసారం చేసింది. ప్రేక్షకులు గౌరవించే సీనియర్ వ్యాఖ్యాత గంభీరమైన గొంతుతో చెప్పడం వల్ల చాలామంది నమ్మేశారు, ఆ చెట్టు ఎలా పెంచాలో చెప్పమని ఫోన్లు చేశారు. ఒక్క అబద్ధం, నిండైన గొంతు. సంగీతం అతి తక్కువ వాడండి. సినిమా పాటల ముక్కలు వాడితే హక్కుల చిక్కు వస్తుంది. మేము ఊళ్లోని తప్పెటగుళ్ల బృందాన్ని అడిగి, వాళ్ల సమ్మతితో అరనిమిషం రికార్డు చేసుకున్నాం.

11. బయటకు పంపే ముందు

మా కథ తుఫానుల గురించి కాబట్టి ఒక జాగ్రత్త అదనంగా తీసుకున్నాం. కల్పిత తుఫాను పేరు వినిపించే ముక్కను ఎవరో కోసి వాట్సాప్‌లో తిప్పితే, వానాకాలం చివర తీరంలో అది వేడుక కాదు, భయం. అందుకే ప్రతి ఫ్రేము మూలనా 'కల్పిత కథ' అన్న అక్షరాలు ఉంచాం, తుఫానుల రోజులైన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా విడుదల చేయలేదు. ఆరోగ్యం, ఎన్నికలు, వరదల వంటి విషయాలు ఎంచుకున్నవాళ్లూ ఇలాంటి ఏర్పాటు చేసుకోవాలి.

మొదటి ప్రదర్శన తీసిన ఊళ్లోనే పెట్టండి. రామమందిరం అరుగు మీద తెల్ల దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టర్‌తో మేము చూపించాం. నేను తెర వైపు చూడకుండా జనం వైపు తిరిగి కూర్చుని, ఎక్కడ నవ్వారో, ఎక్కడ కదిలారో నిమిషాలూ సెకన్లతో రాసుకున్నాను. ఐదో నిమిషం నలభయ్యో సెకను దగ్గర పిల్లలు లేచి తిరగడం మొదలుపెట్టారు. అక్కడ కోశాధికారి లెక్కలు రెండోసారి చెబుతున్నాడు. మరునాడు అందులో పదకొండు సెకన్లు కోసి, ఆ కొత్త కాపీనే బయటకు పంపాం.